వెలిసిన ఎరుపు

గిటారును పైకి తీయకముందు దంతవైద్యుడు మోబెర్గ్ దాని పెట్టెలోకి ముఖం వంచి, కళ్ళు మూసుకొని, దీర్ఘంగా వాసన పీల్చాడు. తరువాత పక్కకు తప్పుకొని, తనతో వచ్చిన కంపెనీ మనిషి పెల్లెటియర్‌కు కూడా ఆ అవకాశం ఇచ్చాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకొని గంభీరంగా తల ఆడించారు. వంటింటి బల్లకు అవతల కూర్చున్న హార్మ్ జైల్‌స్ట్రాకు ఆ పెట్టెలో ఏ వాసన ఉంటుందో తెలుసు. పాత జిగురు, బూజు, ఎవరెవరివో సిగరెట్లు. ఏళ్ళ తరబడి మూసి ఉంచిన ఏ పెట్టె అయినా అలాగే కంపు కొడుతుంది. అతని నేలమాళిగలో బంగాళాదుంపల పెట్టె ఒకటి ఉంది. దాని ముందు ఎవరూ కళ్ళు మూసుకోరు.

"మీరు కూడా ఒకసారి చూస్తారా?" అని మోబెర్గ్ మర్యాదగా అడిగాడు.

"వద్దులెండి. ఇప్పుడే భోంచేశాను," అన్నాడు హార్మ్.

పొయ్యి దగ్గర కాఫీ కాస్తున్న అతని భార్య ఆల్డా నవ్వును దగ్గుగా మార్చుకుంది.

మోబెర్గ్ తెల్లటి నూలు తొడుగులు వేసుకొని, బల్ల మీద దుప్పటి పరిచి, దాని మీద గిటారును పడుకోబెట్టాడు. పసిబిడ్డను పడుకోబెట్టేవాళ్ళు కూడా అంత నెమ్మదిగా చెయ్యి తీయరు. అది కార్డినల్. లోపల బోలు లేకుండా, దిమ్మ చెక్కతో చేసిన ఎలక్ట్రిక్ గిటారు. మిషిగన్‌లోని ఈ ఊళ్ళోనే, నది ఒడ్డున ఉన్న హాల్‌బెర్గ్ కార్ఖానాలో, 1958లో పుట్టి రెండేళ్ళకే ఆగిపోయిన నమూనా. అప్పట్లో దాన్ని కొన్నవాళ్ళు తక్కువ. బరువెక్కువని కొందరు తిరిగి ఇచ్చారు, రంగు నిలవదని ఎక్కువమంది తిరిగి ఇచ్చారు. చలికాలంలో ప్రతి పెరట్లోనూ వాలే ఎర్రపిట్ట పేరు దానికి పెట్టారు కానీ, బల్ల మీద ఉన్నదానిలో ఆ ఎరుపు ఎక్కడా లేదు. మధ్యలో పసుపు, అంచులకు పోయేకొద్దీ నీళ్ళు ఎక్కువైన టీ రంగు.

"ఎంత గొప్పగా వెలిసిందో చూశారా? కార్డినల్‌లలో ఏ రెండూ ఒకేలా వెలవవు," అన్నాడు మోబెర్గ్. రంగు చచ్చిపోవడం వల్ల కింది చెక్కకు ఊపిరి ఆడుతుందనీ, అందుకే ఆ నాదం అలా ఉంటుందనీ, కళ్ళకు గంతలు కట్టినా తాను వెలిసిన కార్డినల్‌ను గుర్తుపట్టగలననీ చెప్పాడు. ఎప్పుడైనా గంతలు కట్టి చూశారా అని హార్మ్ అడిగాడు. ఆ అవసరం రాలేదని మోబెర్గ్ జవాబిచ్చాడు.

తరువాత అతడు జేబులోంచి చిన్న స్క్రూడ్రైవర్ తీసి, తీగల కింద ఉన్న నల్లటి ప్లాస్టిక్ చట్రానికి ఉన్న నాలుగు మరలూ విప్పాడు. పెల్లెటియర్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఇది వాళ్ళ ఆచారమనీ, కార్డినల్ ఉన్నవాళ్ళు ఒకరి ఇంటికి ఒకరు వెళ్ళినప్పుడు ఇలాగే విప్పి చూపించుకుంటారనీ హార్మ్‌కు అర్థమైంది. చట్రం పైకి లేచింది. దాని కింద, ఇన్నేళ్ళుగా వెలుతురు తగలని చోట, వేలెడు వెడల్పున ఎరుపు ఉంది.

చూడకూడదనుకుంటూనే హార్మ్ ముందుకు వంగాడు. అది ఇప్పుడే ఆరినట్టుగా ఉంది. పసుపు మీదికి ఎరుపు ఎక్కడ వచ్చి పలచబడిందో, మణికట్టు ఎక్కడ తిరిగిందో ఆ వేలెడు జాగాలోనే కనిపిస్తోంది. అది తన చెయ్యి. ఇరవై మంది చేతుల మధ్య పెట్టినా గుర్తుపట్టగలడు.

"మీదే కదా?" అని పెల్లెటియర్ గుసగుసగా అడిగాడు.

"నాదే."

"అందుకే వచ్చాం జైల్‌స్ట్రా గారూ."

పెల్లెటియర్‌కు నలభై దాటి ఉండవు. హాల్‌బెర్గ్ పేరును కొనుక్కొని, కార్ఖానాను దక్షిణాదికి తరలించిన కొత్త యజమానుల దగ్గర అతనిది కంపెనీ చరిత్రను చూసుకునే ఉద్యోగం. చరిత్రకు ఒక ఉద్యోగి ఉంటాడని హార్మ్‌కు అంతవరకూ తెలియదు. కార్డినల్‌ను మళ్ళీ తయారు చేస్తున్నామనీ, శనివారం ఇదే ఊళ్ళో పాత నాటకశాలలో దాన్ని విడుదల చేస్తామనీ, ఈసారి గిటారు వెనుక హార్మ్ పేరు చెక్కుతామనీ పెల్లెటియర్ చెప్పాడు. దానికి హార్మ్ చేయవలసిందల్లా వేదిక ఎక్కి ఒక్క మాట చెప్పడం. ఆ రంగును తానే ఎంచుకున్నానని, వెలుగులో అది ఎలా మారుతుందో తనకు ముందే తెలుసునని.

"నేను ఎంచుకోలేదు," అన్నాడు హార్మ్.

పెల్లెటియర్ ఆప్యాయంగా నవ్వాడు. "మా కంపెనీ పాతవాళ్ళు ఎవర్ని అడిగినా ఒకటే మాట. రంగు మార్చింది స్ప్రే గదిలో జైల్‌స్ట్రానే అంటారు."

"అంటారు. అలా అనే నన్ను పనిలోంచి తీసేశారు."

"కాలం మిమ్మల్ని అర్థం చేసుకోలేదు సార్."

హార్మ్ అతని ముఖంలోకి చూశాడు. వెటకారం లేదు. మనిషి నిజంగానే కదిలిపోయి ఉన్నాడు. కాఫీ తాగిన తరువాత మోబెర్గ్ చట్రాన్ని బిగించాడు. ఎరుపు మళ్ళీ చీకట్లోకి పోయింది.

*

వాళ్ళ కారు మలుపు తిరిగాక ఆల్డా కప్పులు కడుగుతూ, "ఆ ఒక్క మాట అనేస్తే ఏం పోతుంది హార్మ్?" అంది.

అతడు తుడిచే గుడ్డ అందుకున్నాడు. "ఇన్నేళ్ళూ కాదు కాదని చెప్పింది ఏమవుతుంది?"

"ఎవరికి గుర్తుంది? నీకు తప్ప."

అది నిజం కాదని ఇద్దరికీ తెలుసు. ఊరు చిన్నది, అందులో వాళ్ళ డచ్ చర్చి సంఘం ఇంకా చిన్నది. కొట్ల కిటికీల్లో వేలాడదీసిన కార్డినల్‌లు ఒకే వేసవిలో వెలిసిపోయి, బండ్లకొద్దీ తిరిగివచ్చినప్పుడు, స్ప్రే గదిలో రంగు కల్తీ చేసినవాడు దొరికాడని కార్ఖానాలో చెప్పుకున్నారు. ఆ వారమే చర్చిలో చందాలు చూసుకునే డీకన్ పదవికి పెట్టిన పేర్లలోంచి హార్మ్ పేరు తీసేశారు. సంఘ పెద్ద లాంబర్ట్ హూక్‌సెమా స్వయంగా ఇంటికి వచ్చి, ఇదే బల్ల దగ్గర టోపీ ఒళ్ళో పెట్టుకు కూర్చొని, యజమాని సొత్తులో కల్తీ చేసినవాడి చేతికి దేవుని సొత్తు ఎలా ఇస్తామయ్యా అన్నాడు. హార్మ్ తాను చేయలేదన్నాడు. అలా అనడం ఇంకో పాపమని హూక్‌సెమా అన్నాడు. అప్పటినుంచి హార్మ్ చర్చిలో చివరి వరుసలోనే కూర్చుంటాడు. మూసిన సంచీలో చందా పట్టుకొని డీకన్ తన దగ్గరకు వచ్చిన ప్రతి ఆదివారమూ అతడికి ఆ మాట గుర్తొస్తుంది.

జరిగింది చాలా చిన్న సంగతి. ఒక సోమవారం స్ప్రే గదిలోకి కొత్త రకం డబ్బా వచ్చింది. మూత తీస్తే పొడి రంగు ఒకటే కానీ వాసన వేరు. హార్మ్ మేస్త్రీ ఎర్ల్ వెట్జెల్‌ను పిలిచి చూపించాడు. అదే సరుకు, పేరు మారింది, కొట్టు అన్నాడు వెట్జెల్. హార్మ్ కొట్టాడు. గిటార్లు తిరిగివచ్చాక వెట్జెల్ ఆఫీసులోకి వెళ్ళి తలుపు వేసుకొని, బయటికి వచ్చేసరికి రంగు మార్చింది హార్మ్ అయ్యాడు. డబ్బాలు అప్పటికే నదిలోకి పోయాయి. ఇంతే. ఇందులో ప్రతిభ ఎక్కడా లేదు. చవక ఎరుపును వెలుగు తింటుంది. ఆ పనికి కళాకారుడు అక్కర్లేదు, దక్షిణం వైపు కిటికీ చాలు.

"నీ పేరు ఏదో ఒకదాని మీద ఉంటే చూడాలని ఉంది నాకు," అంది ఆల్డా, నీళ్ళు కట్టేసి. "ఆ తర్వాత ఇరవై ఏళ్ళు టాక్సీలకు పసుపు కొట్టావు. ఒక్కదాని మీదైనా రాశారా?"

"రాయలేదు. అందుకే అవి మంచి బండ్లు."

"నవ్వులాటకు కాదు."

"ఆల్డా, వాళ్ళిచ్చే పూలదండ మెళ్ళో వేసుకోవాలంటే ముందు ఆ తప్పు నాదేనని ఒప్పుకోవాలి. నీకు అర్థం కావడం లేదా?"

ఆమె తడి చేతులు ఏప్రన్‌కు తుడుచుకుంది. అర్థమవుతూనే ఉంది. అయినా గురువారం పాత కార్ఖానాలో రంగు కొట్టి చూపించమని పెల్లెటియర్ అడిగాడు కదా, దానికి మాత్రం వెళ్ళి రమ్మంది. ఊరికే స్ప్రే గన్ పట్టుకోవడమే కదా, నోరు విప్పక్కర్లేదు కదా అంది. గన్ అన్న మాట దగ్గర అతని కుడిచేతి చూపుడువేలు గుడ్డ మీద కొంచెం వంగింది. అది ఆమె చూసింది.

*

పాత కార్ఖానాలో ఒక అంతస్తును కంపెనీ ఆ వారానికి అద్దెకు తీసుకుంది. కింది అంతస్తులో ఇప్పుడు కార్పెట్లు అమ్ముతున్నారు. స్ప్రే గది ఉన్న చోటే మళ్ళీ తెరలు కట్టి, కంప్రెసర్ పెట్టి, దీపాలు అమర్చారు. మెట్లెక్కుతుండగానే హార్మ్‌కు వార్నిష్ వాసన తగిలింది. మాగిన అరటిపండు వాసన, దాని వెనుక గొంతు పట్టే కారం. ఆ వాసన మీద అతనికి ఏ ప్రేమా లేదు. అదే గదిలో పనిచేసిన ఇద్దరు ఊపిరితిత్తులు చెడి చనిపోయారు. పెల్లెటియర్ మాత్రం మెట్ల మీద ఆగి, ఛాతీ నిండా పీల్చి, "చరిత్ర," అన్నాడు.

తిరిగే బల్ల మీద పసుపు కొట్టి ఆరబెట్టిన గిటారు దిమ్మ ఉంది. వీడియో కెమెరా మూడుకాళ్ళ మీద నిలబడి ఉంది. హార్మ్ చొక్కా చేతులు మడిచాడు. గన్ తీసుకొని ముందు ఒక అట్ట మీద కొట్టి చూశాడు. గాలి ఎక్కువగా ఉంది, తగ్గించాడు. మళ్ళీ కొట్టాడు. చినుకులు పడకుండా మంచులా వచ్చేవరకు గన్ ముక్కు దగ్గరి మర తిప్పాడు. అంతవరకూ అతని చూపు చినుకుల మీదే ఉంది. మూడోసారి కొట్టాక రంగు చూశాడు.

"ఇదేమిటి?"

"ఫేడ్ మిక్స్ సార్. కొత్త కార్డినల్ రంగు."

"ఎరుపు ఏది?"

ఎరుపు లేదని పెల్లెటియర్ వివరించాడు. ఎరుపు కొట్టి ముప్పై అయిదేళ్ళు ఎదురుచూసే ఓపిక కొనేవాళ్ళకు ఉండదు. అందుకని పుట్టుకతోనే వెలిసినట్టు ఉండే రంగును ప్రయోగశాలలో తయారు చేయించారు. ఇది మాత్రం ఎంత వెలుగు తగిలినా మారదు. దానికి హామీ పత్రం కూడా ఇస్తారు.

"అంటే ఇది వెలవదు," అన్నాడు హార్మ్.

"ఎప్పటికీ వెలవదు."

హార్మ్ కాసేపు గన్‌ను చేతిలో తూచాడు. తరువాత కొట్టాడు. దిమ్మకు జానెడు దూరంలో, ముక్కును బయటి వైపుకు వంచి, గన్ చెక్కను చేరకముందే మీట నొక్కి, చెక్కను దాటాకే వదులుతూ, ఎడమచేత్తో బల్లను తిప్పుకుంటూ వచ్చాడు. ఒక్కో చుట్టూ ముందటి చుట్టు మీద సగం పడింది. మధ్యకు వచ్చేకొద్దీ మణికట్టు తేలికైంది. రంగు ఎక్కడ మొదలైందో చెప్పలేనంత మెత్తగా పసుపులో కలిసింది. చెయ్యి ఏమీ మరిచిపోలేదు. ఆ కొద్ది నిమిషాలు అతడు గదిలో ఎవరున్నారో ఎరగడు. పని సాగుతున్నంతసేపూ అతనికి రోత లేదు. మీట వదిలాక చూస్తే, బల్ల మీద నీళ్ళ టీ రంగు గిటారు ఒకటి, పుడుతూనే ముసలిదై కూర్చుని ఉంది.

వెనుక నుంచి గలగలమని చప్పుడు వచ్చింది. తెరకు అవతల బల్ల మీద గడ్డం మనిషి ఒకడు, ఆరిన కొత్త కార్డినల్‌ను ఒళ్ళో పెట్టుకొని, తాళంచెవుల గుత్తితో దాని వీపు మీద కొడుతున్నాడు. అతని పక్కన బ్లేడు, బెల్టు బకిలు, ఉప్పుకాగితం, మసిగుడ్డ ఉన్నాయి. వార్నిష్ మీద బ్లేడుతో సన్నటి గీతలు గీసి, వాటిలోకి మసి రుద్ది, పగుళ్ళు చేశాడు. తల భాగంలో, వాయించేవాళ్ళు తీగ చివర సిగరెట్టు గుచ్చుకునే చోట, వెలిగించిన సిగరెట్టుతో ఒక మచ్చ కాల్చాడు. అతడు సిగరెట్టు తాగేవాడు కాదు. మచ్చ పడగానే ముఖం చిట్లించి దాన్ని నీళ్ళ డబ్బాలో పడేశాడు.

"ఆయన మా దగ్గర పెద్ద కళాకారుడు," అన్నాడు పెల్లెటియర్. "బార్‌లలో పాతికేళ్ళు వాయించిన అరుగుదల మొత్తం ఒక్క పూటలో తెచ్చేస్తాడు."

హార్మ్ గన్‌ను కొక్కేనికి తగిలించి, గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. ఎంతసేపు తుడిచినా చాలలేదు. శనివారం తాను వేదిక ఎక్కుతాననీ, అయితే జరిగింది జరిగినట్టే చెబుతాననీ అన్నాడు. డబ్బా మారింది, తాను అడిగాడు, కొట్టమన్నారు, కొట్టాడు, రంగు నిలవలేదు.

పెల్లెటియర్ కెమెరా ఆపించి, అతని భుజం మీద చెయ్యి వేసి కిటికీ దగ్గరకు తీసుకెళ్ళాడు. "జైల్‌స్ట్రా గారూ, పొరపాటును ఎవరూ కొనరు. వెనుక ఒక మనిషి ఉండాలి. ఒక నిర్ణయం ఉండాలి."

"ఉంది. చవక సరుకు కొనాలని నిర్ణయించారు."

"అది కథ కాదు సార్."

"కాదు. అది జరిగింది."

పెల్లెటియర్ నిట్టూర్చాడు. కోపం తెచ్చుకోలేదు; అతని ఉద్యోగంలో కోపం పనికిరాదు. అయితే ఇంకొకరిని చూసుకోవాల్సి వస్తుందన్నాడు. అప్పటి మేస్త్రీ వెట్జెల్ గారు ఫ్లోరిడాలో ఉన్నారని, ఎనభై దాటినా గట్టిగానే ఉన్నారని, ఆయనకు విమానం టికెట్టు పంపుతామని చెప్పాడు.

"ఆయన ఒప్పుకోడు," అన్నాడు హార్మ్.

"ఎందుకు ఒప్పుకోరు?"

హార్మ్ మడిచిన చొక్కా చేతులు దించుకున్నాడు. ఆ రంగు తానే తెచ్చానని వెట్జెల్ అన్నాడంటే, అప్పుడు అబద్ధమాడానని ఒప్పుకున్నట్టే. ఏ మనిషీ నలుగురి ముందు అలా ఒప్పుకోడు. మెట్లు దిగుతుండగా అతనికి ఇంకో ఆలోచన వచ్చింది. ఒకవేళ ఒప్పుకుంటే?

ఆ ఆలోచన శుక్రవారమంతా అతన్ని వదలలేదు. పెరట్లో మేపుల్ ఆకులు ఊడ్చి కుప్ప చేశాడు, ఆ కుప్పనే మళ్ళీ పక్కకు జరిపాడు. మధ్యాహ్నం బఠానీ సూపు ముందు కూర్చొని చెంచా తిప్పుతూ ఉండిపోయాడు. వెట్జెల్ వస్తాడా, నోరు తెరుస్తాడా, తెరిస్తే ఏమంటాడు. దేవుడి సంగతి పక్కన పెడితే, తాను నిర్దోషినని తెలిసినవాడు ఈ భూమి మీద ఇంకొక్కడే మిగిలాడు. వాణ్ణి రేపు ఈ ఊరికి పిలిపిస్తున్నారు.

"మనం కూడా వెళ్దాం," అన్నాడు హఠాత్తుగా.

ఆల్డా అప్పటికే అతని నల్లకోటు తీసి గాలికి ఆరేసింది.

*

నాటకశాల నిండిపోయింది. సగం మంది బయటి ఊళ్ళవాళ్ళు. నడివయసు దాటిన మగవాళ్ళు, పొట్టల మీద బిగుతైన నల్ల బనియన్లు. మిగతా సగం ఊరివాళ్ళు, కార్ఖానా పాతవాళ్ళు, చర్చివాళ్ళు. ఊళ్ళో ఏ తలుపు ఊరికే తెరిచినా వచ్చేవాళ్ళే. సంఘ పెద్ద హూక్‌సెమా భార్యతో సహా రెండో వరుసలో ఉన్నాడు. హార్మ్, ఆల్డా చివర కూర్చున్నారు. దీపాలు తగ్గగానే ఆల్డా సంచీలోంచి పిప్పరమెంటు బిళ్ళ తీసి, ప్రసంగం మొదలయ్యే ముందు చర్చిలో ఇచ్చినట్టే, అతని అరచేతిలో పెట్టింది.

వెట్జెల్‌ను ఇద్దరు పట్టుకొని వేదిక మీదికి తెచ్చారు. హార్మ్ గుర్తుంచుకున్న మెడబలిసిన మనిషి కాడు. ఎండకు కమిలిన చిన్న తల, పెద్ద చెవులు, కొత్త కోటు. మైకు ముందు కూర్చోబెట్టగానే మాత్రం గొంతు పాతదే వచ్చింది. యంత్రాల రొద మీదుగా అరిచి అరిచి గట్టిపడ్డ గొంతు. కార్డినల్ రంగు గురించి చెప్పమని పెల్లెటియర్ అడిగాడు.

"రంగా? అది నేనే తెచ్చాను," అన్నాడు వెట్జెల్.

హార్మ్ నోట్లో బిళ్ళ కదలలేదు.

"పాత సరుకు బాగా ఖరీదు. చికాగోవాడు ఒకడు చవకది పట్టుకొచ్చాడు. చూడగానే నాకు తట్టింది, ఇది ఎండకు మారుతుంది, అందంగా మారుతుంది అని. ఆఫీసులో ఎవడికీ చెప్పలా. డబ్బాలు నేనే మార్పించా."

"మరి స్ప్రే గదిలో వాళ్ళకు తెలుసా సార్?" అని పెల్లెటియర్ అడిగాడు.

"వాళ్ళకేం తెలుసు? అక్కడ హార్మ్ అని ఒక కుర్రాడు ఉండేవాడు. మంచి చెయ్యి. వచ్చి అడిగాడు కూడా, ఇదేంటి మేస్త్రీ, వాసన తేడాగా ఉందని. నోరుమూసుకు కొట్టరా అన్నాను. పాపం, కొట్టాడు."

సభ పగలబడి నవ్వింది. ఆ తరువాత చప్పట్లు మొదలయ్యాయి. ముందు వరుసల్లో మోబెర్గ్ లేచి నిలబడ్డాడు, అతని వెనుక వరుసలవాళ్ళు లేచారు, కాసేపటికి చర్చివాళ్ళు కూడా లేచారు. హూక్‌సెమా కర్రను చంకలో ఇరికించుకొని, రెండు చేతులూ ఎత్తి కొడుతున్నాడు.

ఆల్డా వేళ్ళు హార్మ్ ముంజేతిని పట్టుకున్నాయి. "చెప్పేశాడు," అంది. "హార్మ్, విన్నావా? అందరి ముందూ చెప్పేశాడు."

విన్నాడు. ఒక్కో ముక్కా విన్నాడు. డబ్బా మార్చింది ఎవరో, అడిగింది ఎవరో, కొట్టమన్నది ఎవరో, ఇన్నేళ్ళూ తాను చెప్పిన క్రమంలోనే, తాను చెప్పిన మాటల్లోనే వచ్చింది. వంటింటి బల్ల దగ్గర, యూనియన్ గదిలో, చర్చి గుమ్మంలో తన నోటితో చెప్పినప్పుడు ఒక్కడూ నమ్మని మాటలు. కోర్టులో చెప్పించినా ఇంత పూర్తిగా రావు. ఇక తన ఛాతీలో ఏదో వదులవుతుందని ఎదురుచూశాడు. ముక్కు దాకా వచ్చి ఆగిపోయిన తుమ్ములా అది రాలేదు. ముందు నిలబడ్డ వీపుల మధ్య సందులోంచి వెట్జెల్ కనిపిస్తున్నాడు. అతడు తప్పు ఒప్పుకుంటున్న మనిషిలా లేడు. పుట్టినరోజు కేకు ముందు కూర్చున్నవాడిలా ఉన్నాడు.

కార్యక్రమం అయ్యాక బయటి గదిలో వెట్జెల్ ముందు వరుస కట్టారు. అతడు గిటార్ల వీపుల మీద పేరు రాస్తున్నాడు. మోబెర్గ్ తన కార్డినల్‌ను ముందుకు చాచి, తెల్ల తొడుగులతో దాని మెడ పట్టుకు నిలబడ్డాడు. ఆల్డా వద్దంటున్నా హార్మ్ వరుసను తప్పించుకొని బల్ల పక్కకు వెళ్ళాడు.

"ఎర్ల్. నేను హార్మ్ జైల్‌స్ట్రాని."

వెట్జెల్ తల ఎత్తాడు. కళ్ళలో పొర తొలగినట్టు ముఖమంతా విచ్చుకుంది. "ఒరేయ్ హార్మ్. ఇంకా ఉన్నావుట్రా!" హార్మ్ చెయ్యి పట్టుకొని వదల్లేదు. చుట్టూ ఉన్నవాళ్ళకు చూపించాడు. "చెప్పానే, ఆ కుర్రాడు వీడే. ఉన్నట్టుండి మానేశావు కదరా. మళ్ళీ కనబళ్ళా. ఎక్కడికి పోయావు?"

"నేను మానేయలేదు. మీరు తీసేశారు."

"నేనా?"

"రంగు నేను మార్చానని ఆఫీసులో చెప్పి తీసేయించారు."

వెట్జెల్ నుదురు ముడిపడింది. నిజంగానే వెతికాడు, ఎండిన పెదవులు కదిలాయి. "లేదే," అన్నాడు చివరికి. "ఆఫీసువాళ్ళు అయ్యుంటారు. నీలాంటి చేతిని నేనెందుకు తీస్తాను?"

హార్మ్ ఆ కళ్ళలోకి వంగి చూశాడు. అబద్ధం కోసం చూశాడు. దొరికితే బాగుండేది. అక్కడ ఏమీ లేదు. తాను ఇన్నేళ్ళూ రోజూ తుడిచి జాగ్రత్తగా దాచుకున్నదాన్ని ఈ ముసలివాడు ఎప్పుడో ఎక్కడో పారేసుకొని, పారేసుకున్న సంగతి కూడా ఎరగడు. ఆ పట్టుకున్న చెయ్యి వెచ్చగా, చెమటగా, స్నేహంగా ఉంది. హార్మ్ మెల్లగా తన వేళ్ళు విడిపించుకున్నాడు.

"వీడి చేత కూడా రాయించుకోండయ్యా," అన్నాడు వెట్జెల్ వరుసలోవాళ్ళతో, ధారాళంగా. "కొట్టింది వీడేగా."

మోబెర్గ్ కలం హార్మ్ వైపు తిప్పాడు. హార్మ్ దాన్ని చూసి, వెనక్కి తిరిగి నడిచాడు.

గుమ్మం దగ్గర ఆల్డా హూక్‌సెమా దంపతులతో నిలబడి ఉంది. ఆమె బుగ్గలు ఎర్రబడి ఉన్నాయి. వినలేదా, మీ చెవులతో మీరు వినలేదా అని ఆమె అడుగుతోంది. ఇన్నేళ్ళూ పోనీలే అన్న మనిషి. గుంపు నడుస్తున్న దారికి అడ్డంగా, సంచీని రెండు చేతులా పొట్టకు అదుముకొని నిలబడింది.

"విన్నానమ్మా, ఎంత బాగా మాట్లాడాడు ఆ పెద్దాయన," అన్నాడు హూక్‌సెమా.

"హార్మ్ రంగు మార్చలేదు. చెయ్యలేదని ఆయన చెబుతూనే ఉన్నాడు. మీరు మా ఇంట్లో కూర్చుని అబద్ధమన్నారు."

హూక్‌సెమాకు కొంచెం చెముడు. చెవి ఒగ్గి విన్నాడు. విన్నాక అతని ముఖం మెత్తబడింది. దగ్గరకు వచ్చిన హార్మ్ వైపు తిరిగి, చావు ఇంట్లో చేసినట్టే మోచేతిని పట్టుకున్నాడు.

"నిజమేనయ్యా హార్మ్. నువ్వు చెయ్యలేదని ఇవాళ అందరికీ తెలిసిపోయింది," అన్నాడు. "ఏం చేస్తాం. అలాంటి ఆలోచన అందరికీ రాదు. నువ్వు మనసు కష్టపెట్టుకోకు."

జనం వాళ్ళను రాసుకుంటూ బయటికి పోతున్నారు. ఆల్డా ఏదో అనబోయింది. హార్మ్ ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. సంఘ పెద్ద ఇంకా మోచేతిని వదలకుండా, ఏదో ఒక జవాబు కోసం దయగా చూస్తున్నాడు. హార్మ్ టోపీ తీశాడు. దాన్ని ఒకసారి చూసి, మళ్ళీ నెత్తిన పెట్టుకున్నాడు.